గొర్రెల కరెంటుతో నడిచిన ట్రాం

"ముందే చెప్తున్నా, ఇవాళ నా నోట్లోంచి ఒక్క అబద్ధం కూడా రాదు," అన్నాడు బుకూర్, టోపీ తీసి బల్లమీద పెడుతూ.

సారా కొట్టంతా గొల్లున నవ్వింది.

"అయితే కథ రెండు నిమిషాల్లో అయిపోతుందన్నమాట," అన్నాడు ఇలారియే. "మంచిదే. నా గొర్రెలు వాకిట్లో నిలబడి ఉన్నాయి."

"నవ్వండ్రా, నవ్వండి. నవ్విన మూతులే సాయంత్రానికి పెళ్ళి భోజనం ఎప్పుడు బుకూరూ అని అడుగుతాయి."

పెళ్ళి మాట వినగానే అందరి కళ్ళూ పొయ్యి పక్కకి తిరిగాయి. అక్కడ సలోమియా కూచుని ఉన్ని మేజోడు అల్లుకుంటోంది. తల ఎత్తలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. అది పొయ్యి వేడి అని జనం అనుకోవాలని ఆవిడ కోరిక.

సంగతేమిటంటే, ఆగస్టులో మరియమ్మ పండగనాడు బుకూర్ ఈ కొట్టు యజమాని ఓప్రాని మధ్యవర్తిగా పంపి సలోమియాని పెళ్ళికి అడిగాడు. ఇద్దరికీ అరవై దాటాయి. అతని భార్య పోయి చాలాకాలమైంది, ఆవిడ మొగుడు త్వాదెర్ పోయి పదేళ్ళయింది. బుకూర్, సలోమియా, త్వాదెర్ ముగ్గురూ ఒకప్పుడు ఊరి ట్రాంలో పనిచేసినవాళ్ళే. రెండు బండ్లుంటే ఒకటి బుకూర్, ఒకటి త్వాదెర్ నడిపేవాళ్ళు. నడి అడవిలో ఆ రెండు బండ్లూ ఒకదాన్నొకటి తప్పుకునే లూపు దగ్గర, చెక్క గదిలో, సలోమియా కాపలా ఉండేది. పెళ్ళి మాటకి ఆవిడ కాదనలేదు. ఔననీ అనలేదు. "దుమిత్రు పండగనాడు అందరి ముందూ మన ట్రాం కథ చెప్పమను. ఒక్క అబద్ధం లేకుండా చెప్తే అతనింటికి వస్తా. లేదా, ఇంక నా గడప తొక్కొద్దను," అంది.

దుమిత్రు పండగంటే ఆ కొండ ఊళ్ళలో మాటలు తెగే రోజు. మందలు కొండ దిగొస్తాయి. కాపరికీ ఆసామికీ మధ్య ఒప్పందాలు ఆ రోజుతో సరి. అడిగినవాళ్ళకి ఔనో కాదో సాయంత్రం చర్చి గంట కొట్టేలోగా చెప్పి తీరాలి. గంట మోగాక ఆ మాట మళ్ళీ ఎత్తితే ఊళ్ళో మనిషిగా చూడరు.

ఒక్క అబద్ధం లేకుండా! అదీ బుకూర్! ఇంతకన్నా మేకని ఆకు ముట్టుకోకుండా తోటలో తిరిగి రమ్మనడం నయం.

సలోమియా మనసులో మాట ఏమిటంటే, ఆవిడకి అతను కావాలి. చలికాలం వస్తే అడక్కుండానే కట్టెలు కొట్టి పెట్టి వెళ్తాడు. వీధి చివర నవ్వితే ఆవిడ వంటింట్లో వినిపిస్తుంది. కానీ త్వాదెర్‌తో కాపురం చేసినన్నాళ్ళూ "తాగలేదే, ఒట్టు" అన్న మాట విని విని చెవులు కాయలు కాశాయి. ఇంకో అబద్ధాలరాయుణ్ణి తెచ్చి నట్టింట్లో కూచోబెట్టుకునే ఓపిక ఇంక లేదు. పైగా ట్రాం కథలో ఒక రోజుంది, మంచు తుఫాను రోజు. ఆ ఒక్క రోజు గురించి అతని నోటివెంట ఉన్నదున్నట్టు వినాలని ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పడు. అందుకే సూదులు వేళ్ళలో జారిపోతున్నాయి.

బుకూర్ ఆల్‌బుఖారా పళ్ళ సారా ఒక గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు.

"మన ట్రాం ఎందుకొచ్చింది? చీజు వల్ల వచ్చింది. మన తాతలు చీజు పీపాలు ఎడ్లబండి మీద వేసుకుని పట్నం పోతే, పోయేసరికి మిట్టమధ్యాహ్నం, చీజు కారిపోయేది, పట్నం దొరసానులు ముక్కులు మూసుకునేవాళ్ళు, మూసుకునే కొనుక్కునేవాళ్ళనుకోండి, అది వేరే సంగతి. చివరికి వాళ్ళే విసిగిపోయి అడవిలోంచి పట్టాలు వేయించారు. ఒంటి లైను. మధ్యలో లూపు. పసుపు రంగు బండ్లు రెండు. ఈ కొట్టే ఆఖరి స్టేషను. ఓప్రా ఇప్పుడు సారా అందించే కిటికీలోంచే అప్పుడు టిక్కెట్లిచ్చేవాళ్ళు. వెనక మెట్టు మీద చీజు పీపాలు. గొర్రెపిల్లకి సగం టిక్కెట్టు, ఒళ్ళో కూచుంటే అసలు టిక్కెట్టే లేదు."

"నిజమే!" అన్నాడు ఓప్రా, తనే నమ్మలేనట్టు.

"మా అమ్మ ఒకసారి పొట్టేల్ని ఒళ్ళో కూచోబెట్టుకుంది," అన్నాడు ఇలారియే. "కొమ్ములు కిటికీ బయట పెట్టి."

"చూశారా, సాక్షి కూడా ఉన్నాడు. ఆ బండి నడిపిందెవరు? నేను. ఎలా నడిపాను? టయానికి నడిపాను. అంతే. గొప్పలేం చెప్పను. టయానికి నడిపాను."

సలోమియా ఊపిరి పీల్చుకుంది. బండి పట్టాల మీదే ఉంది. ఇలాగే పోతే బాగుణ్ణు దేవుడా అనుకుంది.

"టయం అంటే ఎంత టయం? మీ ఇళ్ళలో గడియారాలు నా గంట విని సరిచేసుకునేవాళ్ళా కాదా?"

"అవును, మా నాన్న సరిచేసుకునేవాడు."

"మీ నాన్నే కాదు. చర్చి గంట కొట్టేవాడు కూడా తాడు పట్టుకుని నా గంట కోసం చెవి ఒగ్గి నిలబడేవాడు. పోనీ అతనంటే మనిషి. మీ కోళ్ళు! మీ కోడిపుంజులు తెల్లారి కూతకి మెడ చాపి, నోరు తెరిచి, నా బండి వంపు తిరిగేదాకా అలాగే ఉండేవి. ఒకసారి నాకు జ్వరమొచ్చి సెలవు పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మధ్యాహ్నం దాకా ఊళ్ళో ఒక్క పుంజు కూయలేదు. జనం నిద్ర లేవలేదు. ఫాదర్‌గారు వచ్చి, బాబూ బుకూరూ, దుప్పటి కప్పుకునైనా సరే ఒకసారి గంట కొట్టి పో, ఆదివారం ప్రార్థన సోమవారం అయ్యేలా ఉందని బతిమాలాడు."

"మొదలెట్టాడు," అన్నాడు ఓప్రా మెల్లగా.

సలోమియా ఒక కుట్టు వదిలేసింది. కోళ్ళది పోనీలే, అనుకుంది. కోళ్ళ గురించి అబద్ధం అబద్ధం కిందికి రాదు. తను పెట్టిన షరతుకి తనే సందులు వెతుకుతోందని తెలిసి ఆవిడకే నవ్వొచ్చింది.

"మొదలెట్టడం కాదు, ఉన్నదే చెప్తున్నా. ఇంకోటి వినండి. పట్నం నుంచి వస్తూ లూపు దాటాక అంతా పల్లం. ఒకరోజు బ్రేకు కట్ట అరిగిపోయింది. బండి నిండా జనం. బండి ఆగదు. చెట్లు కనపడ్డం మానేసి పచ్చటి గోడలా అయిపోయాయి. ఇంకోడైతే దూకేవాడు. నేను దూకానా? వెనక్కి చూశా. మెట్టు మీద ఈ ఇలారియే వాళ్ళమ్మ చీజు పీపా. మూత తీసి ఒక్క ముద్ద, ఇంత, పిడికెడే, తీసి చక్రం కింద అదిమా. బండి ఆగింది. ఆగడమంటే ఎలా ఆగింది? చక్రం నిలబడిపోయింది, పట్టా వంగిపోయింది, చీజు చెక్కుచెదర్లేదు."

"మా అమ్మ చీజుని ఏమీ అనకు!" ఇలారియే బల్ల గుద్దాడు.

"అనడమేంట్రా, పొగుడుతున్నా! రెండేళ్ళు అదే బ్రేకు కట్టగా వాడా. పట్నం ఇంజనీర్లు వచ్చి చూసి, ఈ లోహం ఏ గనిలోది అని అడిగారు."

జనం పొట్టలు పట్టుకున్నారు. ఎవరో దగ్గుతూ సారా కక్కేశారు. బుకూర్ చెయ్యి హేండిలు తిప్పుతున్నట్టు గాల్లో తిరుగుతోంది, కళ్ళు మెరుస్తున్నాయి. ఇంక ఇతన్ని ఆపడానికి ఇలారియే వాళ్ళమ్మ చీజు కూడా చాలదని సలోమియాకి అర్థమైంది. కిటికీలోంచి చూస్తే చర్చి గంట కొట్టే ముసలాయన చేతికర్ర ఊతంగా వేసుకుంటూ వీధి ఎక్కుతున్నాడు.

"గంటకి ఇంకెంతో లేదు మావా," అన్నాడు ఓప్రా. మధ్యవర్తి కదా, అతని పరువు కూడా ఇందులో ఉంది. "అసలు కథకి రా. చివరిదాకా చెప్పాలిగా."

"అసలు కథా? అసలు కథంటే మంచు తుఫాను."

"హమ్మయ్య!" ఇలారియే కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మేకు మావా మేకు కథ. చెప్పు చెప్పు. ఆ రోజు నేనూ బండిలోనే ఉన్నా."

మేకు అన్న పేరు ఆ రోజుదే. తుఫానులో లూపు దగ్గర కరెంటు పోతే, బుకూర్ బండిని మేకు కొట్టినట్టు నిలబెట్టేసి, ఎంతమంది ఎన్ని తిట్టినా అంగుళం కదల్చలేదు. జనం దిగి కొండ అడ్డదారిన నడిచి ఊరు చేరారు. అప్పట్నుంచి ఊళ్ళో పిల్లలకి కూడా అతను మేకు బుకూరే.

సలోమియా సూదులు ఆపింది.

బుకూర్ ఆవిడవైపు ఒక్క చూపు చూశాడు, వెంటనే గ్లాసులోకి చూసుకున్నాడు. ఒక్క క్షణం అతని మొహంలో కోతల మనిషి పోయి, అలిసిన ముసలాడు కనపడ్డాడు. చెప్పు, అనుకుంది సలోమియా. ఇప్పుడు చెప్పు.

"ఆ రోజు మంచు..." అన్నాడు. ఆగాడు. "ఆ రోజు మంచు నడుం దాకా పడింది. అడవిలో చెట్టు విరిగి తీగల మీద పడింది. కరెంటు పోయింది. ఇలారీ, మీరంతా నన్ను తిట్టి దిగిపోయారు. అవునా?"

"అవును. నువ్వు మేకులా కూచున్నావు."

"మీరు దిగిపోయాకే కదరా కథ మొదలైంది!"

సలోమియా కళ్ళు మూసుకుంది. అయిపోయింది, అనుకుంది.

"మీరటు కొండెక్కారు, ఇటు మంచు నడుం నుంచి మెడకెక్కింది, మెడ నుంచి కరెంటు స్తంభాలకెక్కింది. సలోమియా గదిలో పొయ్యి దగ్గర ఉంది, పాపం ఆవిడకి కనపడలేదు. సరిగ్గా అప్పుడే పై మేత నుంచి ఒక మంద దారి తప్పి దిగింది. నాలుగొందల గొర్రెలు. చలికి వణికిపోతున్నాయి. నోరులేని జీవాలు కదా, తలుపు తీశా."

"నాలుగొందలు ఆ బండిలోనా?"

"ఒళ్ళో కూచోబెట్టుకున్నాయిరా, ఒకదాన్నొకటి. టిక్కెట్టు లేదుగా. ఇప్పుడు వినండి. గొర్రెకి గొర్రె రాసుకుంటే ఏమవుతుంది? చలికాలం ఉన్ని చొక్కా తీస్తే చిటపటమంటుందా లేదా?"

"అంటుంది," అని ఒప్పుకున్నాడు ఓప్రా.

"ఒక్క చొక్కాకే అంత ఉంటే నాలుగొందల గొర్రెలకి ఎంతుండాలి? చిటపట కాస్తా ఫెళఫెళ అయింది. బండిలో దీపాలు వెలిగాయి. గంట దానంతటదే మోగింది. చక్రాలు తిరగడం మొదలెట్టాయి. కరెంటు ఎక్కువైపోయి తీగల్లోకి తన్నేసింది. ఊళ్ళో మీ ఇళ్ళలో ఆ సాయంత్రం దీపాలు వెలిగాయా లేదా?"

"లేదు! చీకట్లో సంకటి తిన్నాం."

"మీ ఇంట్లో బల్బు పోయుంటుంది. పట్నంలో వెలిగాయి. మర్నాడు పట్నం నుంచి మనిషొచ్చాడు, బుకూర్‌గారూ, కాస్త తక్కువ రుద్దమనండి గొర్రెల్ని, మా బల్బులు మాడిపోతున్నాయని. సరే, బండి కదిలింది. కొంచెం దూరం పోయేసరికి వెనక మెట్టు మీద ధబ్బుమని చప్పుడు. చూద్దును కదా, ఎలుగుబంటి! చలికి అదీ ఎక్కేసింది. టిక్కెట్టేదీ అన్నా. గుర్రుమంది. గుర్రుమంటే ఊరుకుంటానా? ట్రాం అంటే ట్రామే, మనిషికో రూలు ఎలుగ్గొడ్డుకో రూలు ఉండదు, టిక్కెట్టు లేకపోతే దిగి వెనక నుంచి తొయ్యి అన్నా. తోసింది."

"తోసిందా?"

"తోసిందంటే అలా ఇలా కాదు. అప్పటికే గొర్రెల కరెంటు, దానికి తోడు ఎలుగుబంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి ఈ స్టేషను కూడా దాటిపోయింది. పట్టాలు అయిపోయాయి, బండి ఆగలేదు. మంచు మీద జారుకుంటూ కొండెక్కింది. కొండ శిఖరం దగ్గర మంచు ఎక్కడ ఆగిందో మబ్బు ఎక్కడ మొదలైందో తెలియలా. తెల్లటిది కదా రెండూ. తెలుసుకునేసరికి మబ్బు మీద ఉన్నా."

కొట్టులో ఎవరికీ నవ్వడానికి కూడా ఊపిరి లేదు.

"మబ్బు మీద నుంచి కిందికి చూశా. అటు సముద్రం, ఇటు మూడు దేశాలు. గొర్రెలు కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నాయి. ఎలుగుబంటి కళ్ళు తిరిగి మెట్టు మీద కూచుంది, పోనీలే పాపం అని దానికి సగం టిక్కెట్టు కొట్టా. మబ్బు మెల్లగా తేలుకుంటూ, తేలుకుంటూ వచ్చి, సరిగ్గా ఇక్కడ, ఈ వాకిట్లో, పట్టాల మీద బండిని దింపి పోయింది. గడియారం చూశా. టయం అంటే టయమే. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలా."

ఈలలు, కేకలు, బల్లల మీద గ్లాసుల మోత. బుకూర్ రెండు చేతులూ ఎత్తాడు, యుద్ధం గెలిచొచ్చినవాడిలా. ఎత్తిన చేతులతోనే పొయ్యివైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఇవాళ ఎందుకు మొదలెట్టాడో.

సలోమియా మేజోడు ఒళ్ళో పెట్టుకుని అతన్నే చూస్తోంది.

"బుకూర్," అంది. "కర్ర ఏది?"

కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోకుండా, లూపుకీ ఊరికీ మధ్య ముక్కకి ఒకే ఒక్క కర్ర ఉండేది. మూరెడు ఎర్ర కర్ర, కొసకి ఇనప కడియం. ఆ కర్ర ఎవరి చేతిలో ఉంటే ఆ బండే ఆ ముక్కలోకి పోవాలి. లూపు దగ్గర కర్ర లేదంటే అవతలి బండి ఆ ముక్కలో ఉన్నట్టో, ఇంకా ఊళ్ళోంచి రావాల్సి ఉన్నట్టో. అలాంటప్పుడు బిషప్పే వచ్చి పొమ్మన్నా చక్రం కదలకూడదు. ఆ కర్ర అందుకోవడం, అందించడం, అదే సలోమియా ఉద్యోగం.

"కర్రా," అన్నాడు బుకూర్. "కర్రంటే... కర్ర..."

జనం ఎదురుచూశారు. గొర్రెలకి చోటు దొరికింది, ఎలుగుబంటికి దొరికింది, బండిని మోసిన మబ్బుకీ దొరికింది. కర్ర మాత్రం అతని నోటికి దొరకలేదు. చేతిలోనే ఉందంటే సరిపోయేది. కానీ కర్ర లేకుండా ఉందని చెప్పడం ఏ ట్రాం డ్రైవరూ చెయ్యడు. దాని మీద అబద్ధమాడితే మనుషులు చస్తారు. అది బుకూర్ ఎముకల్లో ఇంకిపోయిన సంగతి.

"కర్ర లేదు," అన్నాడు చివరికి.

"లేకపోతే?"

"లేకపోతే ఏముంది సలోమియా. కదల్లేదు."

"అద్గదీ!" ఇలారియే ఎగిరి గంతేశాడు. "మేకు! నేను చెప్పలే? గొర్రెల్లేవు, గాడిదగుడ్డూ లేదు! కూచున్నచోటే కూచున్నాడు!"

కొట్టు మళ్ళీ పగలబడి నవ్వింది. బుకూర్ నవ్వలేదు. బల్ల మీది టోపీ తీసుకున్నాడు. గంట మోగేలోపల బయటపడదామని లేచాడు, ఓడిపోయినవాడికి ఆ గంట వినడం కష్టం.

"కూచో," అంది సలోమియా.

"ఇంకెందుకులే."

"కూచోమన్నానా? ఇలారీ, నువ్వూ కూచో. ఆ రోజు నువ్వు ఇతన్ని ఏమన్నావో నేను గదిలోంచి విన్నాను. బ్రేకు వదిలెయ్యరా పిరికివెధవా, ఇక్కణ్ణుంచి ఊరిదాకా పల్లమే, దొర్లుకుంటూ పోదాం అన్నావు. మీ అమ్మ పక్కనే కూచుని ఉంది. బండి నిండా జనం. ఇతను ఒకటే మాట, కర్ర లేదు, కర్ర లేదు. మీరు అడ్డదారిన పోయారు. పట్టాల వెంట పోయుంటే రాతి వంపు అవతల ఏముందో మీకు కనపడేది."

బుకూర్ మొహం పాలిపోయింది. "సలోమియా, వద్దు. చచ్చిపోయినవాణ్ణి..."

"నా మొగుడు. చెప్తే నేనే చెప్పాలి." ఆవిడ జనంవైపు చూసింది. "వంపు అవతల త్వాదెర్ బండి ఉంది. కరెంటు లేదు, దీపం లేదు, పట్టాల మీద నిలబడి ఉంది. లోపల సీటు మీద త్వాదెర్ తాగి ఒళ్ళు తెలీకుండా పడున్నాడు. చంకలో కర్ర. మీ బండి పల్లంలో ఆ వంపు తిరిగుంటే మిమ్మల్ని ఏరుకోడానికి కూడా ఏమీ మిగిలేది కాదు."

పొయ్యిలో కట్టె చిటపటమంది.

"మీరు పోయాక ఇతను నడుచుకుంటూ వెళ్ళాడు, మోకాలి లోతు మంచులో. త్వాదెర్ని భుజాన వేసుకుని ఇంట్లో పడుకోబెట్టి, మళ్ళీ అంత దూరం ఎక్కొచ్చి కర్ర నా చేతిలో పెట్టాడు. మీ ఆయన అసలు ఊళ్ళోంచి కదలనేలేదు, కర్ర మాత్రం నా చేత పంపించాడు అన్నాడు. కర్ర నిండా సారా కంపు. నేనేం అడగలేదు. తెల్లారి కరెంటు రాగానే ఆ బండిని ఎవరూ లేవకముందే ఊళ్ళోకి తెచ్చి పెట్టాడు. సంగతి బయటపడితే త్వాదెర్‌కీ నాకూ ఇద్దరికీ ఉద్యోగాలు పోయేవి. పోయేముందు మంచంలో త్వాదెర్ అంతా నాకు చెప్పి ఏడ్చాడు."

"నీకు తెలుసా?" అన్నాడు బుకూర్.

"కర్ర వాసన చూసినప్పట్నుంచే తెలుసు." ఆవిడ జనంవైపు తిరిగింది. "మర్నాడు మీరు ఇతనికి మేకు అని పేరు పెట్టారు. ఎందుకు కదల్లేదని ఎవరడిగినా ఏం చెప్తాడు? చెప్తే త్వాదెర్ పేరు రావాలి. అందుకని గొర్రెలొచ్చాయి. మీరు ఇంకా గుచ్చారు, ఎలుగుబంటి వచ్చింది. ముప్పై ఏళ్ళు గుచ్చారు, మబ్బెక్కాడు. తన తప్పు కప్పుకోడానికి అబద్ధమాడే మొగుడితో నేను కాపురం చేశాను. ఇంకొకడి తప్పు కప్పడానికి ఇంత అబద్ధమాడి, పైగా తిట్లు తిన్నవాణ్ణి ఇతన్నే చూశాను."

ఇలారియే టోపీ తీసేశాడు. "మావా," అన్నాడు. మేకు అనలేదు. "మా అమ్మ పక్కనే ఉంది ఆ రోజు."

"తెలుసురా. చీజు పీపా కూడా ఉంది," అన్నాడు బుకూర్ నేల చూస్తూ. తర్వాత సలోమియాతో, "అంతా తెలిసి మరి ఆ షరతు ఎందుకు పెట్టావే?" అన్నాడు.

"నీ నోట వినాలని. ఒక్కసారి."

"విన్నావుగా. మబ్బూ, ఎలుగుబంటీ."

"అవి కాదు. కర్ర లేదు, కదల్లేదు. మన ట్రాం కథ మొదలూ చివరా అదే నాకు. అందులో ఒక్క అబద్ధం ఉందేమో ఎవరన్నా చెప్పండి చూద్దాం."

ఎవరూ చెప్పలేదు. చర్చి గంట మొదటి దెబ్బ పడింది. ఓప్రా కిటికీ వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు, చేతిలో ఒక్కటే గ్లాసు. అక్కడ మాట కుదిరితే ఇద్దరూ ఒకే గ్లాసులో తాగాలి, గంట ఆగేలోపల. త్వాదెర్ పుణ్యమా అని సలోమియాకి సారా వాసన గిట్టదు. అయినా గ్లాసు అందుకుని ఒక గుక్క మింగి, మొహం చిట్లించి, బుకూర్ చేతిలో పెట్టింది. అతను మిగిలింది తాగాడు. కళ్ళనిండా నీళ్ళు, మీసం మీదికి జారాయి, తుడుచుకోలేదు.

జనం చప్పట్లు కొట్టారు. ఇలారియే గొర్రెలు వాకిట్లో అరిచాయి. సలోమియా ఉన్ని ఉండ సంచీలో పెట్టుకుని లేచింది.

"సలోమియా," అన్నాడు బుకూర్ గొంతు సవరించుకుని. "అన్నీ బాగానే చెప్పావు గానీ ఒక్కటి. మంచు మోకాలి లోతు అన్నావు. మెడ దాకా ఉంది."

"మోకాలి లోతు."

"పోనీ నడుం దాకా. త్వాదెర్ బరువు కూడా కలుపుకోవాలి కదా, ఇద్దరం దిగబడితే..."

"మోకాలి లోతే."

"తొడల దాకా అను, పండగపూట బేరం తెంపేద్దాం."

"మోకాలు. పద ఇంటికి."

"సరే, మోకాలే," అన్నాడు బుకూర్ టోపీ పెట్టుకుని ఆవిడ వెనకే గుమ్మం దాటుతూ. "కాకపోతే అప్పట్లో నా మోకాళ్ళు చాలా ఎత్తున ఉండేవి."